హనుమంతుడా, గ్రీకు దేవతా, నక్కవారమా? అండమాన్ నికోబార్ పేర్ల వెనక కథలు

(ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం అండమాన్ నికోబార్ దీవులకు ఆ పేర్లు ఎలా వచ్చాయన్నది. "ఏముందండీ, హనుమంతుడి పేరే కదా" అని ఇందాక లోపలికి వస్తుంటే ఒకాయన అనేశారు కూడా. ఆయన మాట నిజమైతే నేనిక్కడ ఐదు నిమిషాల్లో కూర్చోవచ్చు. కాదు కాబట్టే కాస్త సమయం తీసుకుంటాను.

ముందు ఒక సంగతి సర్దుకుందాం. ఇది ఒక్క దీవుల గుంపు కాదు, రెండు. ఉత్తరాన అండమాను, దక్షిణాన నికోబారు. మధ్యలో పదో డిగ్రీ అక్షాంశం మీద దాదాపు 150 కిలోమీటర్ల సముద్రం ఉంది. దాన్నే టెన్ డిగ్రీ ఛానెల్ అంటారు. పాలన కోసం రెంటినీ ఒక గాటన కట్టాం గానీ అక్కడి ఆదివాసుల భాషలు వేరు, బతుకులు వేరు, పేర్ల చరిత్ర కూడా పూర్తిగా వేరు. ఒక పేరు విషయంలో మన చేతిలో గట్టి ఆధారం ఉంది. రెండో పేరు ఇప్పటికీ తేలని తగాదా. తేలనిదే అండమాను, దాంతోనే మొదలుపెడతాను.

హనుమంతుడి కథ మీ అందరికీ తెలిసిందే. రాముడు ముందు ఇక్కణ్ణుంచి లంకకు వారధి కట్టిద్దామనుకున్నాడట, తర్వాత మనసు మార్చుకున్నాడట. మలయా నావికులు హనుమంతుణ్ణి "హండుమాన్" అంటారట, అదే అరిగి అరిగి అండమాన్ అయిందట. టూరిస్టు బ్రోషర్లలో, పోటీ పరీక్షల గైడుల్లో ఇదే కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి ఒకరి గైడు చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయారు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, ఈ వాదాన్ని అచ్చులోకెక్కించి పెద్ద చేసినవాడు పురాణం చెప్పే శాస్త్రిగారు కాదు, ఒక ఇంగ్లీషు దొర. సర్ రిచర్డ్ కార్నాక్ టెంపుల్. 1894 నుంచి 1904 దాకా ఆ దీవులకు చీఫ్ కమిషనర్. అంతకుముందు పంజాబులో జానపద గాథలు పోగుచేసిన మనిషి, ఇండియన్ ఆంటిక్వరీ పత్రికకు సంపాదకుడు. 1901 జనాభా లెక్కల్లో అక్కడి నివేదిక ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఆయన ఊహ ఏమిటంటే, మలయా వాళ్ళు ఈ దీవుల మీద పడి మనుషుల్ని ఎత్తుకుపోయి బానిసలుగా అమ్ముకునేవారు, వాళ్ళకు రామాయణం తెలుసు, అడవిలో బట్టల్లేకుండా తిరిగే ఈ జనాన్ని హనుమంతుడి జాతి కింద లెక్కకట్టారు, ఇది హనుమంతుల దీవి అన్నారు. ఇదే ఆ తర్వాత ఇంపీరియల్ గెజిటీర్‌లోకీ ఎక్కింది. ఇక సర్కారు పుస్తకంలో అచ్చయిన మాటకు తిరుగేముంది?

ఈ వాదం లోపల ఏముందో ఒకసారి గమనించండి. భక్తితో ఈ కథ చెప్పుకునేవాళ్ళు హనుమంతుడి పాదస్పర్శ అనుకుంటారు. టెంపుల్ ఉద్దేశం అది కాదు. ఆర్యులకు ఎదురునిలిచిన ఆటవికుల్ని పూర్వులు కోతులన్నారు, వీళ్ళు కూడా అటువంటి కోతులే, కాబట్టి ఆ పేరు. ఆయన వాదం సారం అంతే. మనం హారతి పట్టే మాట పుట్టింది ఒక జాతిని కోతులుగా చూసిన చూపులో.

సరే, ఉద్దేశం సంగతి పక్కన పెట్టి ఆధారాలు చూద్దాం. వాల్మీకి సుందరకాండలో హనుమంతుడు మహేంద్రగిరి మీంచి ఎగురుతాడు. దారిలో మైనాకుడు లేచి ఆతిథ్యం తీసుకోమంటాడు, సురస నోరు తెరుస్తుంది, సింహిక నీడ పట్టి లాగుతుంది. ఇంత వివరంగా చెప్పిన కవి అండమాను ఊసెత్తడు. లంక దక్షిణాన ఉంటే తూర్పు సముద్రంలోకి పోవలసిన పనేముంది? రామాయణం మలయా వైపు వెళ్ళిందా అంటే, వెళ్ళింది. జావాలో ప్రంబనన్ గుడి గోడల మీద రామకథంతా చెక్కారు, అది తొమ్మిదో శతాబ్దపు గుడి. కాబట్టి కాలం లెక్కన ఈ వాదం అసాధ్యమని నేననను. తంటా అంతా ఉచ్చారణ దగ్గర వస్తుంది. దానికి మనం అరబ్బు ఓడల దగ్గరకు పోవాలి.

అండమాను పేరు స్పష్టంగా, పోల్చుకునేలా మొదట కనిపించేది క్రీ.శ. 851 నాటి ఒక అరబ్బీ రచనలో. సులైమాన్ అనే వర్తకుడి పేరు మీద చలామణి అవుతుంది. పర్షియా సింధుశాఖ నుంచి చైనా దాకా ఓడ దారి ఎలా ఉంటుందో, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ ఆగకూడదో చెప్పే పుస్తకం. అందులో ఈ మాట వస్తుంది: అవతల రెండు దీవులున్నాయి, వాటి మధ్య సముద్రం పేరు అందామాన్, అక్కడివాళ్ళు నల్లగా ఉంటారు, ఉంగరాల జుట్టు, మనుషుల్ని పచ్చిగా తింటారు, వాళ్ళకు పడవలు లేవు. మనుషుల్ని తింటారన్నది అభాండం, తర్వాతి కాలంలో దానికి ఏ రుజువూ దొరకలేదు. పడవలు లేవన్నదీ తప్పే, వాళ్ళకు దోనెలున్నాయి. కానీ ఓడలవాళ్ళకు ఎంత హడలో తెలుస్తోంది కదా.

ఇప్పుడు అక్షరాలు చూడండి. అరబ్బీలో హకారానికి లోటు లేదు, ఒకటికి రెండున్నాయి. ఊకారానికి వేరే అక్షరం ఉంది. మలయా నావికుల నోట "హండుమాన్" అని విని ఉంటే అరబ్బు లేఖకుడు ఆ హకారాన్నీ ఆ ఉకారాన్నీ రాసుకోవడానికి అడ్డేమీ లేదు. ఆయన రాసింది మాత్రం హకారం లేకుండా, దకారం తర్వాత ఉకారం లేకుండా అందామాన్. అంటే మనకు దొరికిన మొట్టమొదటి రూపంలోనే హనుమంతుడి ఆనవాళ్ళు లేవు. తర్వాతెప్పుడో మలయా వాళ్ళు ఆ పేరును తమకు తెలిసిన హనుమంతుడితో ముడిపెట్టుకుని ఉండవచ్చు. పాత పేరుకు కొత్త కథ తగిలించడం లోకంలో మామూలే. పేరు పుట్టడం వేరు, పేరుకు కథ పుట్టడం వేరు.

అరబ్బుల తర్వాత చైనావాళ్ళ పుస్తకం ఒకటుంది. 1225లో చావో జుక్వా అనే అధికారి రాసింది. ఆయన రేవు పట్నంలో సుంకాల శాఖ చూసేవాడు, వచ్చే పోయే వర్తకుల్ని కూర్చోబెట్టుకుని విదేశాల సంగతులు రాసుకున్నాడు. ఆయన రాసిన పేరు "యెన్-తో-మాన్". ఈ చివరి "మాన్" కోసం ఆయన వాడిన అక్షరానికి చైనా భాషలో దక్షిణాది అనాగరికులని అర్థం. పలుకుబడికి సరిపోయే అక్షరాలు ఎన్నో ఉండగా వెతికి వెతికి ఆ అక్షరం పెట్టాడు. ఇంటర్నెట్‌లో కొందరు దీన్నే పట్టుకుని అండమాను అనే పేరే చైనావాళ్ళు పెట్టిందంటున్నారు. 851 నాటి అరబ్బీ రచన అంతకంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళు పాతదని వాళ్ళు చూసుకోలేదు. ఈ వాదం గురించి ఇంతకంటే మాట్లాడటం దండగ.

కానీ చావో జుక్వా చెప్పిన ఇంకో ముచ్చట దండగ కాదు. అది ఇంకో వాదానికి తాళంచెవి. ఆ దీవిలో ఒక ఊట ఉందట, దాని నీళ్ళు పారిన చోట రాళ్ళు బంగారం అవుతాయట. ఇనుమో రాగో ఎర్రగా కాల్చి ఆ నీళ్ళలో ముంచితే బంగారం అవుతుందట. ఇది 1225 మాట. ఇప్పుడు రెండు వందల ఏళ్ళు ముందుకు రండి. నికొలో కోంటీ అని వెనిస్ వర్తకుడు, విజయనగరం చూసినవాడు, ఇటుగా ఓడలో వెళ్ళాడు. తిరిగొచ్చాక తన యాత్రంతా చెప్పి రాయించాడు. అందులో "అందమానియా, అంటే బంగారు దీవి" అంటాడు. ఏ భాషలో బంగారు దీవి? తెలుగులోనా, మలయాలోనా, అరబ్బీలోనా? ఎందులోనూ కాదు. నావికులు చెప్పుకునే ఆ ఊట కథ ఆయన చెవిన కూడా పడి ఉంటుందని నా ఊహ. దీవి గురించి విన్న పుకారును దీవి పేరుకు అర్థంగా రాసేశాడు. కోంటీ మాట ఆధారంగా అండమాను అంటే స్వర్ణద్వీపమని ఎవరైనా వాదిస్తే, ఆ చైనా అధికారి రాసుకున్న ఊట దగ్గరకు తీసుకెళ్ళండి.

మార్కోపోలో సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. పదమూడో శతాబ్దం చివర ఆయన ఈ దీవి గురించి చెప్పాడు. అక్కడి మగవాళ్ళకు కుక్క తలలుంటాయట! అంటే దిగి చూడలేదన్నమాట, విన్నది చెప్పాడు. అయితే ఆయన రాయించిన పేరు విలువైనది: "అంగమానైన్". ఈ "ఐన్" ఏమిటి? సంస్కృతంలో ద్వివచనం ఉన్నట్టే అరబ్బీలోనూ ఉంది. బహ్ర్ అంటే సముద్రం, బహ్రైన్ అంటే రెండు సముద్రాలు. మనవాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళే బహ్రెయిన్ అదే. అలాగే అంగమానైన్ అంటే "రెండు అంగమాన్లు", పెద్ద అండమాను, చిన్న అండమాను. సర్ హెన్రీ యూల్ అనే పండితుడు దీన్ని పసిగట్టాడు. అరబ్బు నావికుల నోట విన్న మాటను మార్కోపోలో వ్యాకరణంతో సహా మోసుకొచ్చాడు, అది ద్వివచనమని తెలియకుండానే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. అరబ్బీ 851 రచనలో దకారం ఉంది, అందామాన్. మార్కోపోలోలో గకారం ఉంది, అంగమాన్. దేన్నుంచి ఏది వచ్చింది? రెండూ ఇంకా పాత రూపం ఒకదాన్నుంచి వచ్చాయా? ఈ ప్రశ్న మనల్ని గ్రీకుల దగ్గరకు లాక్కుపోతుంది. నా మటుకు నాకు ఈ వ్యవహారమంతటిలో బాగా రుచించిన భాగం ఇదే.

క్రీ.శ. రెండో శతాబ్దం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో టాలెమీ కూర్చుని లోకమంతటికీ పటం గీస్తున్నాడు. ఆయన ఎటూ వెళ్ళలేదు. ఓడలవాళ్ళు చెప్పినవీ, పాత గ్రంథాల్లో ఉన్నవీ పోగేసి లెక్కలు కట్టాడు. గంగకు అవతలి సముద్రంలో ఒక దీవి పెట్టి "అగాథూ దైమొనోస్ నేసోస్" అని రాశాడు. మంచి దేవత దీవి అని అర్థం. దైమోన్ అన్నది తర్వాతి క్రైస్తవుల నోట దెయ్యమైంది గానీ, అప్పటికి అది మంచీ చెడూ రెండూ చేయగల అదృశ్యశక్తి. మంచిదైతే ఇంటిని కాపాడుతుంది, పాము రూపంలో తిరుగుతుంది.

యూల్ అనుమానం ఇదీ: టాలెమీకి చేరిన అసలు పేరు "అంగ్‌దమాన్" లాంటిదేదో అయి ఉంటుంది. అది గ్రీకు చెవికి అర్థంకాని చప్పుడు. దాన్ని తనకు తెలిసిన "అగాథ దైమోన్" అని విన్నాడు. ఇలా వినడం మనకు కొత్తా? మన్రో దొర సీడెడ్ జిల్లాలకు కలెక్టరుగా వస్తే కడప సీమ రైతులు మండ్రోలయ్యను చేసేసుకున్నారు, పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు కూడా. అలాంటిదే.

దీనికి నేను ఒక మాట కలుపుతాను. అగాథ దైమోన్ అలెగ్జాండ్రియా నగరాన్ని కాపాడే దేవత. టాలెమీ నైలు నది పశ్చిమ పాయకు కూడా అదే పేరు రాశాడు. అంటే పొద్దున లేస్తే ఆయన చెవిన పడే పేరు అది. తూర్పు సముద్రం నుంచి ఎవడో నావికుడు ఏదో నోరు తిరగని పేరు చెబితే అలెగ్జాండ్రియా మనిషికి ఈ పేరే వినిపించడంలో వింతేముంది? పైగా ఆ మూలరూపంలో గకారం, దకారం రెండూ ఉన్నాయి. అందులోంచి ఒక గొలుసు గకారం వదిలేసి అందామాన్ అయిందనీ, ఇంకో గొలుసు దకారం మింగేసి అంగమాన్ అయిందనీ అనుకుంటే ఇందాకటి చిక్కుముడి కూడా విడిపోతుంది.

ఇంత ముచ్చటగా ఉంది కదా అని మరీ మురిసిపోకండి. గంగకు అవతల టాలెమీ పటం మహా గందరగోళం. మన దేశాన్నే ఆయన నొక్కి పలక చేశాడు, ద్వీపకల్పమన్నదే కనపడదు. సింహళాన్ని అసలు కంటే ఎన్నో రెట్లు పెద్దది చేశాడు. అటువంటి పటంలో ఒక చుక్క చూపించి ఇదే అండమాను అనడానికి గుండె ధైర్యం కావాలి. నిజంగానే ఎవరో గ్రీకు నావికుడు తుఫాను తప్పించుకుని ఏదో దీవి చేరి, దేవతకు దండం పెట్టి ఆ పేరు పెట్టి ఉండవచ్చు. అప్పుడు ఈ పోలిక అంతా కాకతాళీయం. యూల్ వాదం అందమైన ఊహ, హనుమంతుడి వాదం కంటే మెరుగైన ఊహ. అంతవరకే.

ఇక దక్షిణానికి, నికోబారుకు దిగుదాం. ఇక్కడ కాళ్ళ కింద నేల గట్టిగా ఉంటుంది.

నికోబారు పేరు రాతి మీద చెక్కి ఉంది. తంజావూరు బృహదీశ్వరాలయంలో మొదటి రాజేంద్రచోళుడి శాసనం, 1030 ప్రాంతానిది. రాజేంద్రుడంటే మనకు పరాయివాడు కాదు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. ఆయన 1025లో ఓడల మీద సైన్యాన్ని పంపి సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యాన్ని కొట్టాడు. గెలిచిన ఊళ్ళన్నీ వరసగా చెబుతుంది ఆ శాసనంలోని మెయ్‌కీర్తి, అంటే మన భాషలో బిరుదగద్యం లాంటిది. ఆ వరసలో చివరి అంచున ఈ ముక్క వస్తుంది: "తేనక్క వార్‌పొళిల్ మానక్క వారముమ్". తేనె నిండే విశాలమైన తోటలున్న పెద్ద నక్కవారం అని అర్థం. "మా" అంటే పెద్ద. నక్కవారం అన్నదే పేరు.

తెలుగు చెవికి వెంటనే నక్క వినిపిస్తుంది, నవ్వుకోండి ఫరవాలేదు. నక్కకీ దీనికీ సంబంధం లేదు. తమిళంలో "నక్కం" అంటే దిగంబరత్వం, మన "నగ్న" అన్న మాటకు చుట్టం. తమిళ శైవుల స్తోత్రాల సంపుటి తేవారంలో శివుణ్ణి "నక్కన్" అంటారు, బట్ట కట్టనివాడని. అలా నక్కవారం అంటే బట్టలు కట్టనివారి దేశం అన్న వ్యాఖ్య స్థిరపడింది. చివరి "వారం" ముక్కకు మాత్రం అందరూ ఒప్పుకున్న అర్థం లేదు.

ఇంకో జాగ్రత్త. ఆ శాసనంలో తేనె తోటలని ఉంది కాబట్టి చోళులు అక్కడ తోటలు వేశారని కొందరు రాసేస్తున్నారు. ఆ పంక్తి గట్టిగా చదవండి. తేనక్కవార్, మానక్కవార. ప్రాస! అదే శాసనంలో కడారం, అంటే మలయా తీరంలోని కెడా గురించి "తొడుకడల్ కావల్ కడుమురణ్ కడారముమ్" అంటాడు, లోతైన సముద్రం కాపలా ఉన్న మహాబలం గల కడారం అని. కడల్, కడుమురణ్, కడారం. మోతకు మోత తగిలిస్తున్నాడు కవి. పద్యం కట్టిన చెయ్యి ఎవరికైనా ఈ సరదా తెలుసు, ప్రాస కుదిరితే తేనె తోట ఎక్కడైనా మొలుస్తుంది. కాబట్టి ఆ శాసనం నుంచి మనకు నిఖార్సుగా దక్కేది పేరు ఒక్కటే. అదే చాలు.

పేరు అర్థానికి బలమైన సాక్షి మాత్రం తమిళుడు కాదు, ఒక బౌద్ధ భిక్షువు. ఇత్సింగ్. చైనా నుంచి 671లో బయల్దేరి సుమత్రా మీదుగా మన దేశానికి వచ్చాడు, 673లో తామ్రలిప్తి రేవులో దిగాడు. కెడా నుంచి ఉత్తరంగా పది రోజులకు పైగా ఓడలో పోతే "బట్టలు లేనివారి దేశం" వస్తుందని రాశాడు. ఆయన చూపించే దృశ్యం నాకెంతో ఇష్టం. ఓడ కనపడగానే వందకు పైగా చిన్న పడవలు ఎదురొస్తాయి. వాటి నిండా కొబ్బరికాయలు, అరటిపళ్ళు, వెదురుతో బెత్తంతో అల్లిన సామాన్లు. వాళ్ళకు కావలసింది ఒక్కటే, ఇనుము. రెండు వేళ్ళంత ఇనుప ముక్క ఇస్తే ఐదో పదో కొబ్బరికాయలు ఇస్తారు. మగవాళ్ళు దిగంబరులు, ఆడవాళ్ళు ఆకులు కప్పుకుంటారు. ఓడలో ఉన్న వర్తకులు వేళాకోళానికి తమ బట్టలు తీసి ఇవ్వబోతే, వద్దు వద్దని చేతులూపుతారు.

చూశారా, బేరం ఎంత స్పష్టంగా ఉందో. పనికొచ్చేది ఇనుము, పనికిరానిది చొక్కా. ఉక్కపోతా వానా తప్ప వేరే లేని ఆ దీవుల్లో బట్ట దేనికి? నవ్విన వర్తకులు ఏ పేరు పెట్టారో ఆ పేరే శాసనం దాకా వచ్చింది. ఇత్సింగ్ ఇచ్చిన చైనా పేరు, మూడున్నర శతాబ్దాల తర్వాతి తమిళ పేరు, రెండూ ఒకే అర్థానికి వస్తున్నాయి. ఇద్దరూ ఒకరిది ఒకరు చూసి రాసినవాళ్ళు కారు. ఆ సముద్ర మార్గంలో తిరిగేవాళ్ళందరూ ఆ దీవుల్ని అలాగే పిలిచేవారని దీన్నిబట్టి నమ్మవచ్చు.

ఆ తర్వాత గొలుసు తేలిక. మార్కోపోలోలో నెకువెరాన్, ఒడోరిక్ అనే సన్యాసి రచనలో నికొవెరాన్, పదహారో శతాబ్దపు యూరపువాళ్ళ దగ్గర నికుబార్, ఆపైన నికోబార్. వకారం బకారం కావడం మనకేం వింత? వంగ దేశం బెంగాల్ కాలేదూ!

దీనికి పోటీ వాదాలు లేవా అంటే రెండున్నాయి. ఒకటి సింహళం నుంచి. సింహళ రాజుల చరిత్ర చెప్పే పాళీ గ్రంథం మహావంశంలో, వాళ్ళ మొదటి రాజు విజయుణ్ణీ అతని అనుచరుల్నీ ఓడలెక్కించి తరిమేసినప్పుడు వాళ్ళ పిల్లలు దిగిన దీవి పేరు నగ్గదీపం అని ఉంది. నగ్గ అంటే పాళీలో నగ్న. అదే నికోబారు అన్నారు కొందరు. కానీ అదే కథలో విజయుడు సుప్పారక రేవులో దిగుతాడు, అది పశ్చిమ తీరంలో, ఇప్పటి ముంబై దగ్గర. తండ్రులు అరేబియా సముద్రంలోనూ పిల్లలు సుమత్రా పక్కనా తేలడం ఎలా కుదురుతుంది? రెండో వాదం కాస్త ఆలోచించదగ్గది. దీవుల నడిమి గుంపులో నాంకౌరీ అని ఒక దీవి ఉంది, దాని పక్కన అద్భుతమైన సహజ రేవు. ఓడలు ఆగడానికి అంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. ఆ రేవు పేరే గుంపంతటికీ పాకి ఉంటుందనీ, తమిళులు దాన్ని తమ భాషలో అర్థం వచ్చేలా నక్కవారం అని దిద్దుకున్నారనీ ఈ వాదం. రేవు పేరు దేశమంతటికీ అంటుకోవడం చరిత్రలో జరిగేదే. కానీ ఇత్సింగ్ సాక్ష్యం ముందు ఇది తేలిపోతుందని నా అభిప్రాయం. ఆయన రాసింది పేరు పలుకుబడి కాదు, అర్థం. ఆ అర్థం చోళులకు మూడున్నర శతాబ్దాల ముందే ఉంది.

ఇక్కడ ఒక్క చిన్న హెచ్చరిక. తంజావూరు శాసనంలోనే అండమానును "తీమైత్తీవు", అంటే చెడ్డ దీవి అన్నారని పాత ఇంగ్లీషు పదకోశాల్లో కనిపిస్తుంది, అక్కణ్ణుంచి అందరూ ఎత్తి రాస్తున్నారు. ఆ మెయ్‌కీర్తి జాబితాలో కడారం, పణ్ణై, మలైయూరు, ఇలంగాశోకం, ఇలామురిదేశం, నక్కవారం ఉన్నాయి. ఈ తీమైత్తీవు అందులో లేదు.

ఇప్పటిదాకా గ్రీకులు, అరబ్బులు, చైనావాళ్ళు, తమిళులు, మలయా వాళ్ళు, ఇటలీ వాళ్ళు మాట్లాడారు. దీవులవాళ్ళు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎందుకంటే గుంపంతటికీ ఒక పేరు కావలసింది దూరం నుంచి చూసే ఓడలవాళ్ళకే. లోపల ఉండేవాళ్ళకు ఏ దీవికి ఆ దీవే పేరు. కార్ నికోబారును అక్కడివాళ్ళు "పూ" అంటారు, అంతే. పెద్ద అండమాను ఆదివాసులు, అంటే గ్రేట్ అండమానీయులు, బయటివాళ్ళకు పెట్టిన పేరు ఇంకా బాగుంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ రాశాడు, వాళ్ళ భాషలో "లావ్" అంటే అడవిలో సముద్రంలో తిరిగే ప్రేతాత్మ. మన దేశం నుంచీ బర్మా నుంచీ వచ్చినవాళ్ళను వాళ్ళు అదే మాటతో పిలిచేవారట. టాలెమీ వాళ్ళ దీవిలో దేవతను చూశాడు, వాళ్ళు మనలో దెయ్యాల్ని చూశారు!

కొత్త పేర్ల సంగతి క్లుప్తంగా. పద్దెనిమిదో శతాబ్దంలో డేన్‌మార్కు వాళ్ళు నికోబారు మాదని తమ రాజు ఫ్రెడరిక్ పేరు పెట్టారు. జ్వరాలకు జనం చచ్చారు, 1868లో ఇంగ్లీషువాళ్ళకు అమ్ముకుని పోయారు, పేరూ పోయింది. 1778లో ఆస్ట్రియా ఓడ ఒకటొచ్చి తమ మహారాణి మరియా థెరిసా పేరు ఒక దీవికి పెట్టింది. అది మాత్రం చిత్రంగా మిగిలింది, ఇప్పటికీ థెరిసా దీవే. 1943లో నేతాజీ అండమానుకు షహీద్ అనీ, నికోబారుకు స్వరాజ్ అనీ పేర్లు పెట్టారు. 2018లో ఆ రెండు పేర్లనూ నీల్, హేవ్‌లాక్ దీవులకు ఇచ్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. చిన్నచిన్న దీవుల పేర్లు ఇలా మారుతూనే ఉన్నాయి గానీ, పెద్ద పేర్లు రెండూ కదలలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: "మరి శ్రీ విజయపురం అంటే రాజేంద్రచోళుడు గెలిచిన ఆ శ్రీవిజయమేనా అండీ?")

కాదండీ. ఆ శ్రీవిజయ రాజధాని సుమత్రాలోని పాలెంబాంగ్. ఇక్కడ పేరు పెట్టినప్పుడు చెప్పింది స్వాతంత్ర్య పోరాటంలో విజయం అని. చోళుల నౌకాదళ ప్రస్తావన కూడా ఆ సందర్భంలో తెచ్చారు, అందుకే మీకీ అనుమానం వచ్చింది. మంచి అనుమానమే. ఓ రెండు వందల ఏళ్ళు పోయాక ఎవరో ఒకరు ఈ రెంటినీ ముడిపెట్టి వ్యాసం రాస్తారు, చూస్తూ ఉండండి.

(ఒక ఉపాధ్యాయురాలు: "మేం క్లాసులో పిల్లలకు ఏం చెప్పమంటారు సార్? గైడులో హనుమంతుడనే ఉంది, పరీక్షలో కూడా అదే అడుగుతారు.")

పరీక్షలో మార్కు పోకూడదు కదమ్మా, అందుకని గైడు జవాబు చెప్పండి. దాంతోపాటు ఇంకో రెండు ముక్కలు చెప్పండి. నికోబారు పేరు 1030 నాటి తంజావూరు శాసనంలో నక్కవారం అని ఉంది, అక్కణ్ణుంచి వచ్చింది. అండమాను పేరు 851 నాటి అరబ్బీ పుస్తకంలో మొదట కనపడుతుంది, దానికి అర్థమేమిటో ఇంకా తేలలేదు. హనుమంతుడి వాదం 1900 ప్రాంతంలో ఒక చీఫ్ కమిషనర్ బలపరిచింది. పిల్లల్లో ఒక్కరైనా "అయితే తేల్చేదెవరు సార్" అని అడిగితే, గ్రేట్ అండమానీయుల భాషల్లో మిగిలిన మాటల్ని నిఘంటువులకెక్కించిన పండితులున్నారు, అవి చదవమని చెప్పండి.